ఏడ్చినంక ఆకలైతది

నాకు కోపం ఎక్కువ. మా నర్మెట్టలో చిన్నప్పుడే నన్ను మిరపకాయ అనేవాళ్లు. గూడూరు దగ్గర మా కతోలిక గుడి బడిలో టీచరుగా చేరి, జ్ఞానస్నానం కోరి వచ్చేవాళ్లకు ఉపదేశం చెప్పే పని కూడా నెత్తికెత్తుకున్నాక అది ఇంకాస్త పెరిగిందే తప్ప తగ్గలేదు. అందుకని డెబ్బై ఎనిమిదిలో పవిత్ర శుక్రవారం నాడు గోరీ చేసిన పనికి నేనెంత మండిపడి ఉంటానో మీరే ఊహించుకోండి.

గోరీ లంబాడీ మనిషి. ముప్పై ఏళ్లుంటాయి. అడవి అంచున ఉన్న తండా నుంచి ఎనిమిది నెలలుగా నా దగ్గరికి వచ్చి జపాలు నేర్చుకుంటోంది. ఆదివారం పాస్కా పండుగ, అంటే ఈస్టర్ పూజలో ఆమెకు జ్ఞానస్నానం. శుక్రవారం సిలువను ఎట్లా ముద్దుపెట్టుకోవాలో ఆమెకు మూడుసార్లు చెప్పాను. వరుసలో రావాలి, వంగాలి, పాదాలు ముద్దుపెట్టుకోవాలి, నోరు మూసుకుని పక్కకు తప్పుకోవాలి. ఇంతే కదా!

ఆమె వంతు వచ్చింది. ఫాదర్ ఇన్నయ్య సిలువ పట్టుకుని నిలబడ్డారు. గోరీ వంగలేదు. రెండు చేతులూ చాచి సిలువ మీది స్వామి మెడ చుట్టూ వేసింది, ఆ భుజం మీద తల ఆనించింది, గొంతెత్తి ఏడుపు అందుకుంది. ఏడుపంటే మనం ఏడ్చే ఏడుపు కాదు. తన భాషలో, రాగం తీసి, మాటలు గుచ్చి గుచ్చి ఏడుపు. పిల్లలు కిసుక్కున నవ్వారు. ముసలమ్మలు గబగబా సిలువ గుర్తు వేసుకున్నారు. నేను వెళ్లి రెక్క పట్టి లాగాను. ఊహూఁ, కదిలితేనా! ఫాదర్ నా వైపు చూసి వద్దన్నట్టు తల ఊపారు. ఆమె ఏడుపు అయ్యేదాకా ఆ బరువైన సిలువను అట్లాగే పట్టుకుని నిలబడ్డారు.

ప్రార్థన ముగిసీ ముగియగానే ఫాదర్ మీద పడ్డాను.

"ఫాదర్, ఆమెకు ఏదన్న గాలి సోకి ఉంటది. లేకుంటే నాటకం. ఏదైనా సరే, ఆదివారం జ్ఞానస్నానం ఇయ్యొద్దు. పోయిన వారం తండా బయట వాళ్ల దేవత శీత్ల రాళ్లకాడ గూడ చూసిన ఆమెను. గక్కడ దండం, గిక్కడ ఏడుపు! ఇదేం పద్ధతి?"

ఫాదర్ గుంటూరాయన. మెల్లగా మాట్లాడతారు. ఐదేళ్లుగా ఆయన దగ్గర పనిచేస్తున్నాను, ఆయన భోజనం సంగతీ నేనే చూస్తాను, అయినా బడి సంగతులు తప్ప ఒక్క సొంత మాట ఆయనతో చెప్పింది లేదు. నాకు చెప్పబుద్ధి కాలేదు, అంతే.

గుడిలో ఎవరూ లేనప్పుడు గోరీ ఒంటరిగా ఏడవడం ఆయన ఇదివరకే చూశారట. ఆమెను వరండాలోకి పిలిచారు. "అట్లా ఏడ్చాక నీకు ఎలా ఉంటుందమ్మా?" అని అడిగారు.

అదేం ప్రశ్నో నాకు అర్థం కాలేదు. ఎవరు కనిపించారు, ఏం వినిపించింది అని కదా అడగాలి!

గోరీ "ఆకలైతది బాపూ" అంది.

నాకు నవ్వాగలేదు. ఫాదర్ నవ్వలేదు. "తర్వాత?"

"ఇంటికి పోయి రొట్టె చేస్త. ముందుగాల అత్తకు పెడ్త, ఎనుక నేను తింట. మంచిగ నిద్ర పడ్తది."

ఆమె వెళ్లిపోయాక ఫాదర్ అన్నారు: "వెలుగు చూశాననో, గొంతు విన్నాననో అంటే నేను కంగారుపడేవాణ్ణి రాజమణీ. చెడ్డ ఆత్మ కూడా వెలుగు చూపించగలదు, ఏడిపించగలదు. కానీ అది వచ్చిపోయాక మనసు ఎండిపోతుంది, నా అంత భక్తులు లేరనిపిస్తుంది. దేవుడు వచ్చిపోతే మనిషి మెత్తబడతాడు, పక్కవాళ్లు గుర్తొస్తారు. అందుకే ఎక్కడ ఏడ్చిందని కాదు, ఏడ్చి ఎటు నడిచిందో చూడాలి. రేపు తండాకు వెళ్లి చూసిరా. నువ్వు వద్దంటే ఇవ్వను."

నిర్ణయం నా చేతిలో పెట్టారు. లోపల నేను అప్పటికే వద్దనేసుకున్నాను. ఊరికే పోయి వద్దామని బయల్దేరాను.

శనివారం పొద్దున నేను వెళ్లేసరికి గోరీ అత్త కాళి, గుడిసె ముందు మంచంలో కూర్చుని ఉంది. ఆమెకు నడుము పడిపోయి ఏడాదైంది. గోరీ నాకు చెంబుతో నీళ్లిచ్చి ఎదురుగా కూర్చుంది. నేను నీళ్లు తాగకముందే అందుకున్నాను.

"నువ్వు శీత్లకు మొక్కుతున్నవా, యేసయ్యకు మొక్కుతున్నవా? జర సక్కగ చెప్పు!"

"నేను యేసయ్యకే మొక్కుత అక్కా. శీత్లకు మా అత్త మొక్కుతది. నడ్వనీకి రాదు గద, ఈపు మీద ఎత్తుకపోయి ఆడ దింపుత. ఆమె మొక్కుకునేదాక నిలవడ్త. మల్ల ఎత్తుకొస్త. గది తప్పా?"

మంచంలోంచి ముసలమ్మ కల్పించుకుంది. "ఆరేండ్లు నాతోని మాట్లాడలే ఇది. ఒక్క గుడిసెల రెండు పొయ్యిలు. ఆ దేవునికాడ ఒకనాడు ఏడ్సి ఇంటికొచ్చింది, రొట్టె తెచ్చి నా ముందర పెట్టింది. ఏందే, ఇసం గిన పెట్టినవా అన్న. ముందుగాల తను తుంచి తిని సూపెట్టింది." అని పళ్లు లేని నోటితో నవ్వింది. రెండో పొయ్యి ఉన్నచోట ఇప్పుడు కోడిపిల్లల గంప బోర్లించి ఉంది.

ఫాదర్ చెప్పిన గుర్తు ఎదురుగా కనబడుతూనే ఉంది. అయినా నా పొగరు ఊరుకుంటుందా?

"సరే తియ్. గుడిల అందరి ముందర గట్ల మెడ పట్టుకొని ఏడ్చుడేంది? సిగ్గు లేదా?"

గోరీ నా వైపు వింతగా చూసింది. "మా దాంట్ల సుట్టం చానా దినాలకు కలిస్తే మెడ పట్టుకొని ఏడుస్తం అక్కా. కలవని దినాలల్ల ఎవలెవలు పోయిన్రో, ఏమేం కష్టమొచ్చెనో అన్నీ ఏడ్సుకుంట చెప్తం. ఏడ్వకపోతే సుట్టం కాదన్నట్టే. నిన్న ఆయన సచ్చిన దినమని నువ్వే చెప్తివి. సచ్చినోల్ల ఇంటికి పోయి ఊకె ముద్దువెట్టి వస్తరా?"

నేను చెంబెత్తి నీళ్లు తాగాను.

"నువ్వెందుకు ఏడ్వలేదు అక్కా? మీ ఇంట్ల ఎవలు పోలేదా?"

దిగ్గున లేచాను. "నా ఇంటి సంగతి నీకెందుకు?" అని అరిచాను కూడా. చెప్పుల దాకా పోయాను. కానీ చెప్పుల్లో కాళ్లు దూరలేదు. వెనక్కి వచ్చి అక్కడే చతికిలబడ్డాను.

"నా తమ్ముడు పోయిండు" అన్నాను. "అరవై తొమ్మిదిల. తెలంగాణ కావాలని ఊరేగింపుల పోయిండు, తూటా తాకింది. ఇరవై ఏండ్లు వానికి. అమ్మ కుప్పగూలింది, నాయిన మంచం పట్టిండు. ఇంట్ల ఎవలో ఒకరు గట్టిగ ఉండాలె గద, నేనున్న."

తొమ్మిదేళ్లయింది. తొమ్మిదేళ్లుగా ఒక్కనాడు జపమాల తప్పలేదు, ఒక్క ఉపవాసం తప్పలేదు. దేవుడు మాత్రం ఒక్కసారి పలకలేదు. పిల్లలు లెక్కలు అప్పజెప్పినట్టు నేను జపాలు అప్పజెప్పేదాన్ని. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. గుంటూరు ఫాదర్‌కు అసలే చెప్పలేదు. ఆయనేం చేశాడు పాపం, ఆయన యాసే నాకు గిట్టేది కాదు.

"ఏం పేరు?" గోరీ అడిగింది.

"భూపాల్."

ఆమె దగ్గరికి జరిగి నా మెడ చుట్టూ చేతులు వేసింది. రాగం అందుకుంది. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. కానీ కాసేపటికొకసారి ఆ రాగంలో నా తమ్ముడి పేరు వస్తోంది. భూపాల్, భూపాల్ అని. ఇంట్లో అమ్మ ముందు, నాయిన ముందు తియ్యకుండా దాచిన పేరు. అది మూడోసారో నాలుగోసారో వచ్చినప్పుడు నా గుండె పగిలింది. ఎంతసేపు ఏడ్చానో తెలియదు. కాళి కూడా మంచం మీది నుంచే గొంతు కలిపింది.

చివరికి ముక్కు తుడుచుకుని కూర్చున్నాను. ఒళ్లు తేలికైంది. పొయ్యి మీద రొట్టె వాసన వస్తోంది. సిగ్గు లేకుండా మూడు జొన్నరొట్టెలు తిన్నాను, పచ్చిమిరప తొక్కుతో. ఆ పూట నాకు ఉపవాసమన్న సంగతి రెండో రొట్టె దగ్గర గుర్తొచ్చింది. అయినా ఆపలేదు.

సాయంత్రం గుడికి వచ్చేసరికి ఫాదర్ పూలు సర్దుతున్నారు. నా ఉబ్బిన కళ్లు చూశారు.

"ఆకలైంది ఫాదర్" అన్నాను.

ఆయన పూలు కింద పెట్టి మెట్టు మీద కూర్చున్నారు. నేను కూర్చుని భూపాల్ సంగతంతా చెప్పాను. ఏ ప్రాంతంవాళ్ల మీద కోపం పెట్టుకున్నానో కూడా దాచలేదు. ఆయన తల వంచుకుని విన్నారు. "ఐదేళ్లు నాకు అన్నం పెట్టించావు, ఇంత బరువు మోస్తూ" అన్నారు. మర్నాడు పూజలో మరణించినవాళ్లను తలుచుకునేటప్పుడు ఆ గుంటూరు యాసలోనే నా తమ్ముడి పేరు చదివారు. ఆ యాస నాకు చేదుగా అనిపించలేదు.

గోరీకి జ్ఞానస్నానం అయింది. జ్ఞానతల్లిగా పక్కన నిలబడింది నేనే. వాల్యా, అంటే గోరీ పెనిమిటి, తల్లిని వీపు మీద మోసుకొచ్చి గుడి వెనక బల్ల మీద కూర్చోబెట్టాడు. నెత్తి మీంచి నీళ్లు కారుతుండగా గోరీ నా వైపు తిరిగి చేతులు చాచింది, అంతలోనే అందరి ముందూ నాకెక్కడ కోపమొస్తుందోనని చేతులు వెనక్కి తీసుకుంది.

నేను ముందుకు వెళ్లి ఆమె మెడ పట్టుకున్నాను. నాకు వాళ్ల రాగం రాదు, వాళ్ల మాట రాదు. అయినా ఈసారి ఏడుపు మొదలుపెట్టింది నేనే.