తాడు విప్పినవా

సైదమ్మ సంచిలో పెట్టినవాటిలో సగం కళ్యాణి తీసి మంచం మీద పడేస్తోంది. జొన్నరొట్టెల మూట ఉంచింది, వెల్లుల్లి కారం డబ్బా ఉంచింది, ఉన్ని దుప్పటి మాత్రం తీసేసింది. సైదమ్మ దాన్ని మళ్ళీ మడిచి రొట్టెల కిందకి తోసింది.

"యాడీ, నేను పోయేది బెంగుళూరుకు. మంచుకొండలకు కాదు."

"మొదటిసారి పోయొచ్చి ఏమన్నవ్? ఆ గదిల ఏసీకి వేళ్ళు కొంకర్లు పోయినయ్ అన్నవ్. నువ్వు మర్చిపోయినా నేను మర్చిపోలే, కన్నతల్లిని గదా."

"దుప్పటి కప్పుకొని పరీక్ష రాయనియ్యరు."

"అడిగినవా? అడగకుండనే రాయనియ్యరంటవ్."

కళ్యాణి నవ్వింది గాని ఆ నవ్వు పెదాలు దాటి లోపలికి పోలేదు. పొద్దుటి నుంచి పరీక్ష గుబులు పట్టుకుంది. తల్లికి అది కనబడకూడదని సంచి మీదికి వంగింది. సైదమ్మకు కనబడనే కనబడింది. ఆమె రొట్టెల మూట ముడి ఇంకోసారి బిగించింది. మనిషి బయల్దేరే పూట ఏ మాట ఎటు తగులుతుందోనని ఆమెకు ఎప్పుడూ భయమే.

ఈ పరీక్షకు కళ్యాణి వెళ్ళడం ఇది నాలుగోసారి. కంప్యూటర్లను ఒకదానితో ఒకటి మాట్లాడించే రౌటర్లు, స్విచ్‌లు ఒక పెద్ద కంపెనీకి సరిపడా ముందు పెడతారు. కొన్నింటిని ముందే చెడగొట్టి ఉంచుతారు, కొన్నింటిని మొదటి నుంచి నిలబెట్టమంటారు. ఎనిమిది గంటల్లో అన్నీ పలకాలి. ఒక్కచోట తప్పితే దాని వెనక ఉన్నవన్నీ కూలుతాయి. ఈ ల్యాబు పరీక్షకు కూర్చోవాలంటే ముందు రాసి గెలవాల్సిన పరీక్ష ఇంకొకటి ఉంది. ఆమె గెలిచింది గాని దాని గడువు ఈ మార్చితో తీరిపోతుంది. ఈసారీ తప్పితే మళ్ళీ మొదటి మెట్టు నుంచి ఎక్కాలి.

ఎక్కడానికి అప్పటిదాకా ఉద్యోగం ఉండాలి గదా. పాల్వంచలో ఒక ప్రైవేటు కాంట్రాక్టు కంపెనీ కంట్రోల్ రూమ్‌లో ఆమెది పని. మణుగూరు, టేకులపల్లి, గుండాల చుట్టూ అడవిలో ఉన్న ఆఫీసులకు, చెక్‌పోస్టులకు నెట్ లైన్లు చూసుకునేది ఆ గదే. అందులో ఉన్నది ఇద్దరు, కళ్యాణి, దేవ్‌సింగ్. దేవ్‌సింగ్ ఆమె కంటే పదేళ్ళు పెద్ద. టేకులపల్లి పక్క తండా అతనిది. పని నేర్పింది అతనే. మొన్న దసరా వెళ్ళాక హైదరాబాదు నుంచి మేనేజరు వెంకటేశ్వరరావు ఫోన్ చేసి ఇద్దరినీ వినమన్నాడు.

"ఏప్రిల్ నుంచి అక్కడ ఒక్కరికేనండీ సీటు. అదీ ఆ సర్టిఫికెట్ ఉన్నవాళ్ళకే. మీలో ఎవరికీ లేకపోతే గదికి తాళం వేసి, స్క్రీన్లన్నీ ఇక్కడికి తెచ్చుకుంటాం. నన్నేమీ అనుకోకండి."

ఫోన్ పెట్టేశాక కుర్చీ ఆమె వైపు తిరిగింది.

"నువ్వు డేటు తీసుకో చెల్లె," అన్నాడు దేవ్‌సింగ్.

"నువ్వు కూడ తీసుకో దేవన్నా. ఇద్దరం పోదాం."

"నేను రెండుసార్లు రాసి చూసిన గదా. ఎనిమిది గంటలు కుర్చీల కూసునుడు నాతోని కాదు. ఆడ కుర్చీకి స్టాండు లేదు, కిక్కు లేదు. బండైతే చెప్పు, భద్రాచలం దాంక ఆపకుండ కొడ్త."

ఆమె గెలిస్తే అతనికి సీటు లేదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ నోటితో అనలేదు.

మూడోసారి ఆమె ఎందుకు తప్పిందో కనిపెట్టింది కూడా దేవ్‌సింగే. ఆ రోజు మధ్యాహ్నం అన్నానికి లేచేసరికి రౌటర్ పెట్టెలన్నీ చక్కగా పలుకుతున్నాయి. తిని వచ్చేసరికి వాటిలో ఒకటి, మధ్యలో ఉన్న పెద్దది, పొద్దుటి నుంచి చేసిందంతా మర్చిపోయి మొద్దులా కూర్చుంది. యంత్రం పాడైందని ఆమె పర్యవేక్షకుడితో వాదించింది. ఆయన పరీక్షించి, ఏ లోపమూ లేదన్నాడు. ఆమె అక్కడే ఏడ్చింది.

తిరిగొచ్చి చెబితే దేవ్‌సింగ్ అంతా విన్నాడు. తర్వాత మెల్లగా అడిగాడు.

"తాడు కట్టినవా?"

కళ్యాణి ముఖం పాలిపోయింది.

తాడు అంటే వాళ్ళిద్దరి మాట. పాల్వంచలో కూర్చుని గుండాల అడవిలోని పెట్టెకు ఆజ్ఞ పంపేటప్పుడు ఒక్క అక్షరం తప్పినా లైను తెగిపోతుంది. తెగితే ఎవరో ఒకరు బండి వేసుకుని, వాగులు దాటుకుంటూ పూటంతా పోవాలి. వానాకాలమైతే వాగు ఎప్పుడు దారి ఇస్తే అప్పుడే. అందుకని ఏ మార్పు చేసే ముందైనా, పది నిమిషాల్లో నీ అంతట నువ్వే ఆగి మళ్ళీ లేవమని ఆ పెట్టెకు చెప్పి ఉంచుతారు. తప్పు జరిగితే అది ఆగి, లేచి, పాత తీరుకు వచ్చేస్తుంది. బాగా జరిగితే ఆ మాట రద్దు చేసి, కొత్తది భద్రం చేస్తారు. బావిలోకి దిగేవాడు నడుముకు తాడు కట్టుకున్నట్టు. పట్నాల్లో పక్క గదిలోనే పెట్టె ఉన్నవాళ్ళకు ఈ అలవాటు అక్కర్లేదు. కళ్యాణి చేతులకు మాత్రం అది ఊపిరి లాంటిది. పరీక్షలో అవసరమే లేని చోట ఆమె వేళ్ళు తాడు కట్టాయి. అన్నానికి పిలిస్తే విప్పకుండా లేచిపోయింది.

"ఇన్నేండ్లు నేనే నేర్పిన. ఇప్పుడు నేనే మరిపియ్యాలె," అన్నాడు దేవ్‌సింగ్.

ఆ మాట అన్నంత పనీ చేశాడు. చలికాలమంతా అడవి పెట్టెల మీద ఆమెను చెయ్యి వెయ్యనివ్వలేదు. ఫోన్లన్నీ తనే ఎత్తాడు, తన షిఫ్టూ ఆమె షిఫ్టూ తనే చేశాడు. ఆమె మూల బల్ల దగ్గర సాధన పెట్టెల మీద ఉత్త చేతులతో, తాడు లేకుండా పని చేయడం నేర్చుకుంది. వెనక నుంచి చూస్తూ, ఆమె వేళ్ళు తప్పుదారి పడితే చాలు దగ్గేవాడు.

"నీకు దగ్గుకు మందు తేవాల్నా దేవన్నా?"

"నువ్వు పాసైతే అదే తగ్గుతది."

సంచి సర్దిన ఆ సాయంత్రం బస్టాండు దాకా దేవ్‌సింగే బండి మీద దింపాడు. సైదమ్మ వాకిట్లోనే నిలబడిపోయింది. దుప్పటి సంచిలోనే ఉంది.

"ఒక్కటే చెప్త," అన్నాడు బస్సు కదిలే ముందు. "అన్నానికి లేవమంటరు గదా, అప్పుడు లేవకు. అన్ని పెట్టెలను అడుగు. తాడు ఉన్నదా అని ఒక్కొక్కదాన్ని అడిగినంకనే లేవు."

"నేను కట్టను గదా ఈసారి."

"నువ్వు కట్టవు. నీ చేతులు కడ్తయ్."

పరీక్ష గదిలో చలి అలాగే ఉంది. పొద్దున్నే కూర్చున్నప్పుడు ఉన్న బెదురు మొదటి చిక్కుముడి విడగానే సద్దుమణిగింది. పని పనిలా సాగింది. ఒకచోట మాత్రం, ప్రశ్నలోని రెండు ఊళ్ళ మధ్య నెట్ దారి ఎంత వెతికినా దొరకలేదు. ఎదురుగా గడియారం నిమిషాలను తింటూ పోతోంది. నుదుటి మీద చెమట పట్టింది, అంత చలిలో కూడా. మూడు దారులు మార్చి మార్చి చూసి, నాలుగోది మధ్యలోని పెద్ద పెట్టెలో పెట్టేసరికి అవతలి ఊరు పలికింది. ఆమె కళ్ళు మూసుకుని తెరిచింది.

అప్పుడే పర్యవేక్షకుడు గంట కొట్టాడు. భోజనానికి లేవమని ఇంగ్లీషులో చెప్పాడు. కుర్చీలు జరిగాయి. పక్కవాళ్ళు ఒళ్ళు విరుచుకుంటూ తలుపు వైపు నడిచారు.

కళ్యాణి లేవలేదు. మొదటి పెట్టెను అడిగింది. ఏమీ లేదంది. రెండోదీ అంతే. మూడోదాని దగ్గర వేళ్ళు జారి అక్షరం తప్పింది, మళ్ళీ కొట్టింది. లేదు.

"మేడమ్, లేవండి. ఇక టైపు చేయకూడదు."

ఆయన అడుగులు దగ్గరికి వస్తున్నాయి. చెయ్యి ఎత్తి ఒక్క నిమిషమన్నట్టు చూపించి, మధ్యలోని పెద్దదాన్ని అడిగింది.

ఉంది. నాలుగో దారి పెట్టే ముందు కట్టినట్టుంది. ఎప్పుడు కట్టిందో ఆమెకు గుర్తే లేదు. ఇంకో రెండు నిమిషాల్లో ఆ పెట్టె ఆగిపోతుందని తెర మీద రాసి ఉంది. పొద్దుటి పనిలో భద్రం చేసింది సగమే.

"మేడమ్."

ఆయన కుర్చీ పక్కకు వచ్చి నిలబడ్డాడు. తాడు విప్పే మాట చిన్నదే, రోజూ కొట్టేదే. అది ఆమెకు తట్టలేదు. చలికాలమంతా వాడక వేళ్ళు మర్చిపోయాయి. కట్టడం మరవలేదు గాని విప్పడం మరిచాయి. ఆయన చెయ్యి కీబోర్డు వైపు వచ్చింది. కళ్యాణి తెర వైపు చూడడం మానేసి, పాల్వంచ గదిని, తన వెనక నిలబడి దగ్గే మనిషిని తలచుకుంది. తాడు విప్పినవా, అని అతను ఎన్ని వందలసార్లు అడిగి ఉంటాడు. అడిగిన ప్రతిసారీ ఆమె ఏం కొట్టేది?

వేళ్ళు కొట్టాయి. రద్దయిందని తెర చెప్పింది. ఆమె చేతులు పైకెత్తి కుర్చీలోంచి లేచింది. అన్నం ముందు పెట్టుకుని, మిగిలిన పని వేళ్ళ మీద లెక్కేసుకుంది.

సాయంత్రం పరీక్ష ముగిశాక, ఫలితం మెయిల్‌లో వస్తుందన్నారు. ఖమ్మంలో బస్సు మారి ఇల్లెందు దాటేటప్పుడు ఫోన్ మోగింది, మెయిల్ వచ్చినట్టు. వేలు పెట్టి తెరవబోతే అడవి మొదలైంది, సిగ్నల్ పోయింది. తెల్లటి తెర మీద చిన్న చక్రం తిరుగుతూనే ఉంది. చెట్లు పోతున్నాయి, మలుపులు పోతున్నాయి, చక్రం ఆగదు. పక్కసీటు ముసలమ్మ అడిగింది.

"ఏంది బిడ్డా, ఎవరికన్న బాగలేదా?"

"లేదవ్వా. ఒక కబురు రావాలె."

"దవాఖానా కబురా?"

"కాదు. పరీక్షది."

"గిదా. సావు కబురనుకున్న నీ మొఖం చూసి."

టేకులపల్లి పొలిమేరలో చక్రం ఆగింది. గెలిచింది. ఆమె మూడుసార్లు చదివింది. తర్వాత దేవ్‌సింగ్‌కు ఫోన్ చేసింది.

"తాడు విప్పినవా?" అన్నాడు ముందుగా.

"విప్పిన."

"మరి?"

"పాసైన దేవన్నా."

"అవ్. మంచిది. జల్దీ రా. మిఠాయి బెంగుళూరుది వద్దు, కొత్తగూడెం బస్టాండుది తే. పాచిదైనా మనది."

కళ్యాణి మర్నాడే వెంకటేశ్వరరావుకు ఫోన్ చేసి, ఇద్దరినీ ఉంచమని అడిగింది. ఒక్కరి వల్ల అడవి లైన్లు నడవవని, దేవన్న లేకపోతే తను గెలిచేదే కాదని చెప్పింది. ఆయన అంతా ఓపిగ్గా విన్నాడు. "సీటు ఒక్కటేనండీ," అన్నాడు.

శుక్రవారం దేవ్‌సింగ్ ఆఫీసు బండి తాళం బల్ల మీద పెట్టాడు. అక్క బిడ్డ పెండ్లి ఉంది, మూడు రోజులు తండాకు పోతున్నానన్నాడు.

"గుండాల పెట్టె వెనక తొండ ఉంటది. చెయ్యి పెట్టేముందు తట్టు. మణుగూరు రోడ్డు మీది గదికి తాళం రెండుసార్లు తిప్పాలె. చెక్‌పోస్టు ఆయన మంచోడే, తిట్టినంకనే చాయ్ తాగిపిస్తడు."

"ఇవన్నీ ఇప్పుడే ఎందుకు చెప్తున్నవ్? సోమవారం వస్తవ్ గదా."

"వస్త. అప్పటిదాంక ఫోన్లు నీకే గదా వచ్చేది."

"ఏప్రిల్ దాంక ఉంటవ్ గదా దేవన్నా."

"ఉంట చెల్లె. యాడికి పోత."

కుర్చీ వెనక ఎప్పుడూ వేలాడే తువ్వాలు అతని భుజం మీద ఉంది. కళ్యాణి అది చూసింది. అతను మెట్లు దిగి, మణుగూరు నుంచి వచ్చే బస్సుకు చెయ్యెత్తాడు.

సోమవారం ఆమె రెండు గ్లాసుల చాయ్ తెప్పించింది. ఒకటి చల్లారింది. ఫోన్ చేస్తే, వస్త చెల్లె, పనులు తెమలలేదన్నాడు. ఆ తర్వాతి వారమూ అదే మాట. మార్చిలో ఆ నంబరు పనిచేయడం లేదంది.

భానోత్ దేవ్‌సింగ్ 2025 ఫిబ్రవరి ఇరవై ఒకటి, శుక్రవారం మధ్యాహ్నం పాల్వంచ నుంచి వెళ్ళాడు. మళ్ళీ రాలేదు.