డబ్బాలో పడని బియ్యం

కలకత్తా పక్కనున్న లిలువా తెలుగు చర్చిలో బియ్యం మాయమవుతున్నాయి.

ఆ సంగతి మొదట పసిగట్టినవాడు దయానందం. అతను రైల్వే వర్క్‌షాపులో సూపర్‌వైజరు. బోగీ కింద ఏ బోల్టు వదులైందో చప్పుడు విని చెప్పగలడు. చర్చిలో తాత్కాలిక సంఘ పెద్ద కూడా. పాత పెద్ద రిటైరై పలాస వెళ్లిపోయాక ఆ బాధ్యత ఇతని మీద పడింది. కోతపండుగ నాడు సంఘమంతా చేతులెత్తితే అదే పదవి ఖాయమవుతుంది. దయానందానికి ఆ పదవి కావాలి. ఎంత కావాలంటే, ఆ పండుగకని భార్య యూనిస్ చేత కొత్త చొక్కా కొనిపించి, రోజూ ఒకసారి బీరువా తెరిచి చూసుకుంటున్నాడు.

ఆ చర్చిలో ఒక పాత పద్ధతి ఉంది. వంటకు బియ్యం తీసిన ప్రతిసారీ ఇంటావిడ ఒక గుప్పెడు దేవుడి పేరు చెప్పి వేరే కుండలో వేస్తుంది. ఆదివారం వాటిని కొంగులో కట్టుకొచ్చి, ప్రసంగ పీఠం పక్కనున్న రేకు డబ్బాలో వదులుతుంది. పాస్టరు ఆదాము గారింట్లో వండుకునేది ఆ బియ్యమే. డబ్బా మీద గుడ్డ కప్పి ఉంటుంది. ఎవరెంత తెచ్చారో పక్కవాళ్లకు కనబడకుండా గుడ్డ కిందికి చెయ్యి పెట్టి వదలాలి. అప్పుడు అందరూ పాట పాడుతుంటారు.

అన్ని ఇళ్ల బియ్యం కలిస్తే ఒక చిక్కుంది. రేషను షాపు ఉప్పుడు బియ్యం ఉడికేలోపు ఆంధ్రా నుంచి తెప్పించుకున్న సన్నబియ్యం జావైపోతాయి. ఆదాము గారు ఆ అన్నాన్ని ఎన్నో ఏళ్లుగా కిక్కురుమనకుండా తింటున్నారు. ఒక ఆదివారం మాత్రం ప్రసంగంలో ఈల వినిపించింది. ఆయన ముందు పన్ను విరిగింది. దేనివల్ల విరిగిందో ఆయన చెప్పలేదు. దయానందం అడగలేదు. బియ్యంలో రాయేనని తేల్చేశాడు.

మరుసటి వారం నిలబడి ప్రకటించాడు. "ఇకమీదట రేషను బియ్యం డబ్బాలో పడకూడదు. సన్నబియ్యమే తేవాలి. దైవసేవకుడి ఆరోగ్యం మన బాధ్యత."

ఎవరూ ఏమీ అనలేదు. దాన్ని దయానందం అంగీకారం కింద లెక్కేసుకున్నాడు.

ఆ తర్వాతే డబ్బా తేలికవడం మొదలైంది. చిత్రమేమిటంటే, జనం తగ్గలేదు. ప్రతి ఆడమనిషీ వరసలో వస్తోంది, గుడ్డ కింద చెయ్యి పెడుతోంది, వెళ్లి చాప మీద కూర్చుంటోంది. డబ్బా మాత్రం నిండడం లేదు.

దొంగ ఉన్నాడు. డబ్బాను పాస్టరు గారింటికి మోసేది చర్చి కాపలాదారు నరసయ్య. దయానందం అతన్ని చర్చి గంట కింద నిలబెట్టాడు.

"నరసయ్యా, ఈ డబ్బా మోస్తున్నది నువ్వే కదా?"

"నానే బాబూ. మీరు మోత్తానంటే నానొద్దన్నానేటి?"

ఆ ఆదివారం దయానందమే మోశాడు. చర్చి గుమ్మం దగ్గర ఎంత తేలికగా ఉందో పాస్టరు గారి గుమ్మం దగ్గరా అంతే తేలికగా ఉంది. నరసయ్య నిర్దోషి. దయానందానికి కొంచెం నిరాశ కలిగింది.

పై ఆదివారం కానుకల వేళ కరెంటు పోయింది. కలకత్తా మొత్తానికి అలవాటైన విషయమే. ఫ్యాన్లు ఆగాయి. పాట మాత్రం సాగుతోంది. దయానందానికి మెరుపులా ఆలోచన తట్టింది. చెయ్యెత్తి పాట ఆపించాడు.

"ఇవాళ మౌనంగా అర్పిద్దాం," అన్నాడు.

వరస కదిలింది. యూనిస్ చెయ్యి పెట్టింది. రేకు మీద బియ్యం జలజలా రాలాయి. ఆమె వెనకావిడ చేతి నుంచీ రాలాయి. తర్వాత టికియాపారా అప్పలకొండమ్మ వంతు వచ్చింది. హౌరా వీధులూడ్చే మునిసిపాలిటీ మనిషి. తెల్లారేసరికి చీపురు పని ముగించి, బస్సెక్కి, నలుగురైదుగురు ఆడవాళ్లను వెంటబెట్టుకుని చర్చికి వస్తుంది. గుడ్డ కింద చెయ్యి పెట్టింది.

చప్పుడు కాలేదు.

దయానందం తల తిప్పాడు. చర్చంతా తల తిప్పింది. అప్పలకొండమ్మ మెల్లగా చెయ్యి పైకి తీసి, పిడికిలి విప్పి అతని ముఖం ముందు పెట్టింది.

"సూసుకో. కాళీ సెయ్యే. ఇంకేటైనా ఇనాలా, పోలీసు దారోగా బాబూ?"

ఆమె బయటికి నడిచింది. టికియాపారా ఆడవాళ్లందరూ లేచి ఆమె వెనకే వెళ్లిపోయారు. వాళ్ల చెప్పుల చప్పుడు మాత్రం బాగా వినిపించింది.

తర్వాతి ఆదివారం వాళ్ల చాపలు ఖాళీ. ఆ పై ఆదివారమూ ఖాళీ. కోతపండుగ దగ్గరపడింది. దయానందం పాస్టరు గారింటికి వెళ్లాడు.

"మీ పన్ను విరిగిందని కదండీ నేను ఇదంతా చేసింది," అన్నాడు.

ఆదాము గారు ఇబ్బందిగా చూశారు. "అది మీ ఇంట్లో వేరుశనగ ఉండ కొరికినప్పుడు విరిగిందండీ."

"మరి చెప్పలేదేం?"

"యూనిసమ్మ ప్రేమగా పెట్టింది. బాధపడుతుందని ఊరుకున్నాను. ఊరుకోవడం నా తప్పే."

"ఇప్పుడేం చేయమంటారు?"

పాస్టరు గారు లేచి మంచం కింద చెప్పులు వెతుక్కోసాగారు. "టికియాపారాకు ఇప్పుడు బస్సుంటుందా?" అన్నారు.

"మీరు కూర్చోండి అయ్యగారూ," అన్నాడు దయానందం. "నేను వెళ్తాను."

బస్సులో చక్కటి క్షమాపణ ఒకటి తయారుచేసుకున్నాడు. అందులో బైబిలు వాక్యాలు కూడా రెండు ఉన్నాయి. అప్పలకొండమ్మ గుమ్మంలో కూర్చుని చీపురుకు తాడు బిగిస్తోంది.

"ఏటి బాబూ, ఇంటికాడ కూడా సోదాకొచ్చినావా?"

"అది కాదమ్మా, నేను..."

"మాటలొగ్గేయ్. ఆ గూట్లో కుండ దించు."

దించాడు. బరువుగా ఉంది. మూత తీస్తే నిండా ఉప్పుడు బియ్యం. అక్కడక్కడ పురుగు పాకుతోంది.

"నువ్వొద్దన్న కాడి నుంచీ తీసినయ్యి. మాకు సన్నబియ్యం ఎక్కడివి? దేవుడి పేరు సెప్పి తీసినయ్యి మా కూట్లో ఎయ్యలేం గదా. నువ్వా పుచ్చుకోవు. సేతులూపుకుంటూ కూకుంటే పక్కోళ్లు సూత్తారు. అందుకని కాళీ సెయ్యి పెట్టినాను."

"అందరూ అంతేనా?"

"ఈ లైన్లో అందరిళ్లలోనూ కుండలున్నాయి. పట్టుకెళ్తావేటి?"

తయారుచేసుకున్న క్షమాపణను పక్కన పెట్టేశాడు. "తప్పయిపోయిందమ్మా. పట్టుకెళ్తాను," అన్నాడు.

"పురుగు పట్టినాయి. ఎవులు సెరుగుతారు?"

"యూ..." అని ఆగి, "నేనే," అన్నాడు.

అప్పలకొండమ్మ మొదట నమ్మలేదు. తర్వాత పక్కింటి వాళ్లను పిలిచి మరీ నవ్వింది.

ఇంటింటి కుండా బస్తాలోకి వంపుకుని, బస్తా భుజాన వేసుకుని బస్సెక్కాడు. కండక్టరు అతని గళ్ల చొక్కానూ, మెడ మీద పాకుతున్న పురుగునూ చూసి, "రేషను షాపు మీదేనా దాదా?" అని బెంగాలీలో అడిగాడు.

"కాదు దాదా. దేవుడిది," అన్నాడు దయానందం. బస్తాకు కూడా టికెట్టు కొట్టాడు కండక్టరు.

కోతపండుగ నాడు చర్చి వరండాలో గుమ్మడికాయలు, అరటి గెలలు, కాళ్లు కట్టిన కోళ్లు వేలానికి సిద్ధంగా ఉన్నాయి. వాటి పక్కన చేట పట్టుకుని దయానందం కూర్చున్నాడు. చెరగడం అతనికి రాదు. సగం బియ్యం వరండా మీద పడుతున్నాయి. కోళ్లకు అది నిజంగానే పండుగ. కొత్త చొక్కా తెల్లగా దుమ్ము కొట్టుకుపోయింది. యూనిస్ చేట లాక్కోబోయింది.

"నలుగురూ చూస్తున్నారండీ! ఇటివ్వండి."

"చూడనీ," అన్నాడు. చేట ఇవ్వలేదు.

టికియాపారా బస్సు దిగిన ఆడవాళ్లు ఆ దృశ్యాన్ని తీరిగ్గా నిలబడి చూశారు. వాళ్లు వచ్చింది అందుకే.

"సెరగడమంటే పానా తిప్పడం కాదు బాబూ," అంది అప్పలకొండమ్మ. "మణికట్టు ఆడాల."

అప్పుడే ఆదాము గారు గుమ్మంలోకి వచ్చారు. "దయానందం గారూ, సంఘ పెద్ద పదవికి మీ పేరు చెప్పారు. చేతులెత్తబోతున్నారు. లోపలికి రండి."

దయానందం చేట వైపు చూశాడు. బస్తాలో ఇంకా సగం ఉంది. మధ్యాహ్నం సంఘమంతా కలిసి తినే ప్రేమవిందుకు వండాల్సినవి ఆ బియ్యమే.

"మీరు కానివ్వండి అయ్యగారూ. ఇవి అయ్యాక వస్తాను."

పాస్టరు గారు లోపలికి వెళ్లారు. అప్పలకొండమ్మ వంగి, అతను బాగుచేసి పోసిన కుప్పలో వేలు పెట్టి కెలికింది. ఒక రాయి తీసి అతని అరచేతిలో పెట్టింది.

"ఇదేటి పెద్ద బాబూ? అయ్యగోరి రెండో పన్ను కూడా రాలగొట్టేత్తావా?"

కొంగు దులుపుకుని, చెయ్యెత్తడానికి లోపలికి వెళ్లింది.

దయానందం ఆ రాయిని వరండా బయటికి విసిరేశాడు. కుప్ప మొత్తాన్ని మళ్లీ చేటలోకి ఎత్తుకున్నాడు.