అన్న బాస్‌కి కొత్త తీగలు

తీగలు పోయిన రోజు మాస్టారు స్టాఫ్ రూములో కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుతున్నారు. బావమరిది ఫోన్ చేశాడు.

"సాయంత్రం ఇంటికొస్తున్నా బావా. నీకొకటి చూపించాలి."

గొంతులో సంతోషం దాచలేక అవస్థ పడుతున్నాడు. అప్పుడే మాస్టారు భయపడి ఉండాల్సింది. భయపడలేదు, తర్వాతి పేపరు తీసుకున్నారు.

ఇంటికి వచ్చేసరికి అన్న బాస్ గిటార్ సోఫా మీద పడుకుని ఉంది. పెళ్ళికొడుకులా తయారైంది. చెక్కకి పాలిష్ పెట్టారు, మెడ మీద మురికి పోయింది. నాలుగు తీగలూ ట్యూబులైటు కింద తళతళలాడుతున్నాయి.

"వైరు పెట్టే చోట గరగరమంటోందన్నావు కదా," అన్నాడు బావమరిది. "అక్కనడిగి షాపుకి పట్టుకెళ్ళా. పనిలో పనిగా మొత్తం సర్వీసింగు చేయించేశా. తీగలు మాత్రం నా తరఫున."

మాస్టారు సంచి కింద పెట్టలేదు.

"పాతవేవి?"

"ఏం పాతవి?"

"పాత తీగలు."

"అవా? నల్లగా కమిలిపోయి ఉన్నాయి బావా. షాపతను వాటిని పట్టుకుని ఒకటే నవ్వు. చెత్తబుట్టలో పడేశాడు."

మాస్టారు సంచి భుజాన ఉండగానే వెనక్కి తిరిగి మెట్లు దిగారు. షాపతను మర్యాదస్తుడు, ఖాళీ బుట్టను తెచ్చి మరీ చూపించాడు. చెత్తబండి మధ్యాహ్నమే వచ్చి వెళ్ళిపోయిందట. ఇంకా ఏమైనా అడుగుతారేమోనని ఆ మనిషి బుట్ట పట్టుకుని నిలబడే ఉన్నాడు. మాస్టారు థాంక్స్ చెప్పి వచ్చేశారు. ఎందుకు చెప్పారో ఆయనకే తెలియదు.

తప్పు బావమరిదిదని అనడానికీ లేదు. అతను లీడ్ గిటార్ వాయిస్తాడు. లీడ్ గిటార్ వాళ్ళకి తీగంటే గడ్డం గీసుకునే బ్లేడు, మొద్దుబారగానే పారేస్తారు. బాస్ వాయించేవాళ్ళకి అది చెప్పుల జత. అరిగేకొద్దీ కాలికి పడుతుంది. అందులోనూ అన్న వాడినవి నున్నటి తీగలు, పైన చుట్టిన లోహం గరుకు లేకుండా రిబ్బనులా పరుచుకుని ఉండే రకం. అవి కొత్తలో బాగా మోగవు. ఏళ్ళ తరబడి చేతి చెమట ఇంకాక, మెరుపూ గణగణా పోయాక, అప్పుడు మాట వింటాయి. బావమరిది వేయించినవి గరుకు తీగలు. ముట్టుకుంటే చాలు, పళ్ళెం కిందపడ్డట్టు ఖంగుమన్నాయి.

అన్న పగలు లిఫ్టులు బాగుచేసేవాడు, సాయంత్రాలు బ్యాండులో పాట అడుగున మంద్రంగా మోగే బాస్ వాయించేవాడు. లీడ్ గిటార్ బావమరిదిది. ఇంట్లో తీరిక ఉన్నప్పుడు అన్న తమ్ముడి ఒళ్ళో బాస్ పెట్టి నేర్పేవాడు. "డ్రమ్ము వాడి చేతులు చూడకు, కాలు చూడు. నువ్వు ఆ కాలితో కలిసి నడవాలి," అనేవాడు. చివరి రోజుల్లో తనే రాసుకున్న పాట ఒకటి రికార్డు చేశాడు. పాడటం అయింది, డ్రమ్ములూ గిటారూ అయ్యాయి. బాస్ మొదటి చరణం చివరిదాకా వాయించేసరికి కరెంటు పోయింది. మిగతాది వచ్చేవారం చూద్దాంలే అని లేచాడు. ఆ వారంలోనే గుండె ఆగిపోయింది.

పది రోజులు గడిచాక వదిన ఆ బాస్ తెచ్చి మాస్టారి చేతిలో పెట్టింది.

"ఆ పాట సగంలో కింద నేల లేనట్టు అయిపోతోంది. వింటుంటే నాకు కళ్ళు తిరుగుతాయి," అంది. "నువ్వు పూర్తిచెయ్యి. ఆయనెలా వాయిస్తారో నీకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు."

సరే వదినా, అన్నారు మాస్టారు. ఆ బాస్, ఆ తీగలు, ఆ వేళ్ళు నేర్పిన వేళ్ళు. కుదురుతుందనే అనుకున్నారు. ఇప్పుడు అందులోంచి తీగలు పోయాయి.

స్టూడియో అంటే ఒక మేడ మీది గది. అద్దాల గదులేమీ లేవు, నాలుగు పక్కలా దళసరి దుప్పట్లు వేలాడదీసి ఉంటాయి, చప్పుడు తిరిగి కొట్టకుండా. అందుకే రికార్డు చేసే ఆయన్ని అందరూ దుప్పట్లాయన అంటారు. ఆయన కూడా అదే పేరుతో పలుకుతాడు.

మాస్టారు కొత్త తీగలతోనే ఒకసారి వాయించి చూశారు. దుప్పట్లాయన అన్న వాయించిన ముక్క చివర ఈ ముక్క అతికించి వినిపించాడు.

మొదటి చరణం నడిచినంతసేపూ బాస్ ఉన్నట్టే తెలియదు. పాట దాని మీద ఊరికే కూర్చుని ఉంటుంది. రెండో చరణం మొదలవగానే ఎవరో గదిలోకి ఇనుప గొలుసు ఈడ్చుకుంటూ వచ్చినట్టయింది.

"కిచెన్‌లో గరిటెలు పడ్డాయా?" అన్నాడు దుప్పట్లాయన.

"టోన్ తగ్గించు బావా," అన్నాడు బావమరిది.

తగ్గించారు. గొలుసు దుప్పటి కింద దాక్కుంది గానీ గొలుసు గొలుసే.

అప్పటినుంచి మాస్టారి ఇల్లు ప్రయోగశాల అయిపోయింది. ముందు నున్నటి తీగలు కొన్నారు. అవి కొత్తవి కాబట్టి వాటికీ పొగరే. తీగల చివర, అవి ఆనే బ్రిడ్జి పక్కన, స్పాంజి ముక్క దూర్చారు. మోత తొందరగా ఆగింది గానీ లోతు కూడా దాంతోపాటే ఆగింది. స్పాంజి పల్చగా కోశారు, మందంగా కోశారు.

"ఏవండీ, గిన్నెలు తోమే స్పాంజి ఏది?" అని వంటింట్లోంచి భార్య.

"చూస్తాను."

"చూడటం ఎందుకు, ఆ గిటార్ కడుపులో ఉంది. నాకు కనిపిస్తోంది."

ఆ తర్వాత తీగలకి నూనె రాశారు. జిడ్డు పడితే తొందరగా ముసలివవుతాయని ఎక్కడో చదివారు. ఆవిడ గుమ్మంలో నిలబడి కాసేపు చూసింది.

"మీ తలకి రాయడానికి వెంట్రుకలు మిగల్లేదని దానికి రాస్తున్నారా?"

మాస్టారికి నవ్వు రాలేదు. ఆవిడ లోపలికి వెళ్ళి, చేతులు తుడుచుకోవడానికి పాత గుడ్డ తెచ్చి పక్కన పెట్టింది.

ఇంటర్నెట్టులో బాస్ వాయించేవాళ్ళ గుంపుల్లో చేరి వాళ్ళ మాటలు చదివారు. అది ఇంకో నరకం. ఒకడు టోన్ వెచ్చగా ఉండాలంటాడు. ఒకడు మట్టిలా ఉండాలంటాడు. మరొకడు లావుగా, కానీ బరువుగా కాదు, అంటాడు. ఇలా రాసిన పిల్లవాడి పేపరు దొరికితే మాస్టారు ఎర్రగీత గీసి పక్కన ప్రశ్నార్థకం పెట్టేవారు. చప్పుడు వెచ్చగా ఎలా ఉంటుంది? చెయ్యి పెట్టి చూశావా? ఈ గుంపుల్లో వాళ్ళకి కొనడానికి వస్తువులున్నట్టు చెప్పడానికి మాటలు లేవు. చెక్క ముఖ్యమని ఒక వర్గం, తీగ చప్పుడు పట్టే పికప్పు ముఖ్యమని ఒక వర్గం. రెండు వర్గాలూ కలిసి చప్పుడు పెంచే ఆంప్ మార్చమని సలహా ఇచ్చాయి. అన్న జీవితంలో టోన్ గురించి రెండే ముక్కలు అనేవాడు, కుదిరింది, కుదరలేదు. అవి కూడా వాయించడం ఆపాకే.

బావమరిది పెడల్సు మోసుకొచ్చాడు. కాలితో తొక్కితే చప్పుడు మారే ఇనుప డబ్బాలు, ఒక్కోటి ఒక్కో రంగు.

"ఇది తొక్కితే పాత ఆంప్‌లా మోగుతుంది బావా."

"అన్న ఏ పెడలూ వాడలేదు."

"ఆయన ఏం వాడారన్నది కాదు కదా, ఎలా మోగిందన్నది కదా?"

"ఇలా మోగలేదు."

"నువ్వసలు తొక్కనేలేదు."

తొక్కారు. అలా మోగలేదు.

ఈలోపు వదిన ఒకసారి ఫోన్ చేసింది. పాట సంగతి అడగలేదు. పిల్లకి లెక్కలు చెప్పడానికి ఎవరైనా ఉన్నారా అని అడిగింది. ఒకరున్నారని మాస్టారు చెప్పారు. పాట గురించి అడగకుండానే ఆవిడ ఫోన్ పెట్టేసినందుకు ఆ సాయంత్రమంతా ఎవరి మీదో తెలియని కోపంతో ఉన్నారు.

చివరికి దారి చూపించింది బావమరిదే. తను చేసిన పని అతన్ని లోపల తొలుస్తోంది, పైకి జోకులేస్తున్నాడు గానీ. విందుల్లో బాస్ వాయించే ఒక పెద్దాయన దగ్గర అచ్చం అలాంటి నున్నటి తీగలు, అంతకాలం వాడినవి, ఉన్నాయని కనుక్కున్నాడు. ఆయన మొదట గదమాయించాడట. నోట్లో పళ్ళు ఊడబీకి ఇమ్మన్నట్టుంది నీ వరస, అన్నాడట. బావమరిది వదల్లేదు. ఆ పెద్దాయన ఎక్కడ వాయిస్తే అక్కడికి వెళ్ళి ఆంప్ మోశాడు, వైర్లు చుట్టాడు. చివరికి విషయం మొత్తం చెప్పాడు. పెద్దాయన అక్కడే కూర్చుని తీగలు విప్పి ఇచ్చాడు. చనిపోయిన మనిషి పని అని ముందే చెప్పొచ్చుగా, అని తిట్టాడు కూడా.

ఆ తీగలు వేస్తుంటే మాస్టారి వేళ్ళు నల్లబడ్డాయి. ఎవరిదో చెమట. మొదటి స్వరం మీటగానే ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"చెప్పు," అన్నాడు బావమరిది.

"పద," అన్నారు మాస్టారు.

దుప్పట్లాయన గదిలో మాస్టారు కళ్ళు మూసుకుని, డ్రమ్ము వాడి కాలు తొక్కే దెబ్బ వింటూ, రెండో చరణం నుంచి చివరిదాకా వాయించారు. ఒక్కచోట కూడా తడబడలేదు. అన్న ఎక్కడ కొంచెం ఆగి వేలు వేస్తాడో అక్కడ ఆగారు. దుప్పట్లాయన అతికించి, మొదటినుంచీ పెట్టాడు.

పాట నడిచింది. పల్లవి, మొదటి చరణం, రెండో చరణం. ఎక్కడా ఏమీ జరగలేదు. పాట అయిపోయింది.

"కంప్యూటరు తెర మీద గీత చూస్తే గానీ అతుకు నాకే తెలీలేదు," అన్నాడు దుప్పట్లాయన. "ఏళ్ళనుంచి ఇదే పని చేస్తున్నా మాస్టారూ. ఒట్టు."

బావమరిది కుర్చీ వెనక్కి వాలి రెండు చేతులతో ముఖం రుద్దుకున్నాడు. చాలాకాలం తర్వాత భుజాలు దింపాడు.

"ఇంకోసారి పెట్టండి," అన్నారు మాస్టారు.

పెట్టాడు. మాస్టారు ఈసారి కళ్ళు తెరిచి, నేల చూస్తూ విన్నారు. అన్న వాయిస్తున్నాడు. మొదటి చరణంలో వాయిస్తున్నాడు. రెండో చరణంలో వాయిస్తున్నాడు. చివరి స్వరం దాకా అన్నే వాయించి, తనే ఆపాడు. కరెంటు పోలేదు. ఎవరూ లేచి వెళ్ళలేదు.

"తీసేయండి," అన్నారు.

"ఏంటి తీసేది?"

"నేను వాయించింది."

బావమరిది కుర్చీలోంచి లేచాడు.

"బావా. కలవట్లేదని ఇన్నాళ్ళూ నా ప్రాణం తీశావు. ఇవాళ కలిసింది. కలిస్తే తీసేయమంటావా?"

"మరీ కలిసింది."

"మరీ కలవడం ఏంటి? తక్కువ కలవడానికి ఏమన్నా కొలత ఉందా?"

"అన్న ఎక్కడ ఆగాడో తెలీట్లేదు."

"తెలీకూడదనే కదా ఇదంతా."

"అవును."

"మరి?"

మాస్టారు మాటలు ఏరుకుంటూ ఉండగానే బావమరిది గొంతు పెరిగింది.

"సరే. తేడా కావాలంటావు. నేను వేయించిన కొత్త తీగలు ఇంట్లోనే ఉన్నాయి కదా. వాటితో వాయించు. చెవిటివాడికి కూడా తెలుస్తుంది."

"ఆ పాటకి అది బాగోదు. నువ్వూ విన్నావు."

"అదీ బాగోదు, ఇదీ బాగోదు. నీకేం కావాలో నీకు తెలుసా అసలు?"

"తెలీదు."

అంత సూటిగా వస్తుందని బావమరిది అనుకోలేదు. తిట్టడానికి తెరిచిన నోరు మూసుకుని, దుప్పటి కొస పట్టుకుని నలిపాడు.

"అక్కడ మీ వదిన కాచుకుని కూర్చుంది," అన్నాడు మెల్లగా. "ఆవిడకి నువ్వేం చెప్తావు?"

దుప్పట్లాయన ఎవరి వైపూ చూడకుండా మాస్టారి ముక్కని పాటలోంచి తీసేశాడు. కావాలంటే ఉంటుంది, పారెయ్యను, అన్నాడు. అన్న ముక్క మాత్రం తన చోట తను ఉండిపోయింది.

బయట మెట్ల మీద బావమరిది ముందు దిగాడు. బాస్ పెట్టె అతనే మోశాడు. వీధి మలుపు దగ్గర మాస్టారి ఫోన్ మోగింది. వదిన.

"ఇవాళ స్టూడియోకి వెళ్ళారటగా. అయిందా?"

మాస్టారు రోడ్డు పక్కకి జరిగారు. ఒక బస్సు పోయేదాకా ఆగారు.

"లేదు వదినా. ఇంకా కాలేదు."

"తీగలు దొరికాయన్నారు?"

"దొరికాయి."

"సరేలే, తొందరేం లేదు," అని ఆవిడ ఫోన్ పెట్టేసింది. తొందర ఉందని ఇద్దరికీ తెలుసు.

పాటలో అన్న గొంతు చివరిదాకా ఉంది. డ్రమ్ములు ఉన్నాయి, గిటార్ ఉంది. రెండో చరణం నుంచి బాస్ లేదు.