కడిగిన మన్ను

లారీ తొట్టి పైకి లేచి, చివరి మట్టిపెళ్ళ జారేదాకా డ్రైవరు నిదానం కిందికి దిగలేదు. పనిలో తొందరపడడు గనక తోటివాళ్ళు పెట్టిన పేరది. మెడ మడతల్లో చెమటకు అంటుకున్న నల్లటి దుమ్ము చారలు కట్టింది.

పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించే కార్ఖానా ఉండేది, అతను ఆ మన్ను ఎత్తుకొచ్చే చోట. ఏళ్ళ తరబడి ఆసిడ్‌ను నేలలోకే వదిలారు. అది మూతపడ్డాక ఆ మన్ను తవ్వి, యంత్రంలో కడిగి, సీసం వేరుచేసి, శుభ్రమైన మన్నును పల్లపు స్థలాలకు తోలే పని మొదలైంది. దానికి మేస్త్రీ అతని అన్న. తండ్రి పోయాక పెంచింది ఆ అన్నే. అతను గీసిన గీత నిదానం ఏనాడూ దాటలేదు.

ఆ మధ్యాహ్నం ఇంజను వేడెక్కింది. నీళ్ళకోసం బకెట్టు పట్టుకుని, రేకుల దడి వెనక ఉన్న కడిగే యంత్రం దగ్గరికి వెళ్ళాడు. దాని మోటారు చప్పుడు వినడమే తప్ప ఎప్పుడూ చూడలేదు. నీటి గొట్టం నోట్లో కందిరీగలు గూడు పెట్టుకున్నాయి. అడుగున తొట్టికి తడి తగిలిన జాడే లేదు.

అన్న షెడ్డులో అన్నం తింటున్నాడు.

"ఆ యంత్రం ఎప్పుడన్నా నడిచిందా అన్నయ్యా?"

"పైవాళ్ళు వచ్చినప్పుడు మోటారు వేస్తాం. చప్పుడు చాలు వాళ్ళకి."

"మరి నా పెరట్లో పోయించిన మన్ను?"

అన్న ముద్ద కలుపుతూనే ఉన్నాడు.

"కడిగిన మన్నురా, కూరపాదులు వేసుకో అని నువ్వే కదా అన్నావు."

"మేస్త్రీ తమ్ముడే పోయించుకున్నాడంటే ఇంకెవరూ అనుమానపడరని..." అన్న తల ఎత్తలేదు. "నీకు చెబితే నీ మొహంలో దాగదు."

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయంటారు. అదే అయింది. నిదానం లారీ తాళంచెవి అన్న కంచం పక్కన పెట్టి, నడిచి ఇంటికి వచ్చాడు.

భార్య పెరట్లో ఆకుకూర కోస్తోంది. "ఎంత ఏపుగా వచ్చిందో చూడండి," అంది. అతను చెప్పింది విన్నాక చేతిలో కట్ట మెల్లగా జారవిడిచింది.

"పాప కడుపునొప్పి అంటూనే ఉంది. నేనే పాఠాలు ఎగ్గొట్టడానికనుకున్నా."

"పద, రక్తంలో సీసం చేరిందేమో పరీక్ష చేయిద్దాం. అటునుంచి అటే మీ అమ్మావాళ్ళింటికి పోదాం. ఈ మన్ను ఎత్తించేదాకా పాప ఇక్కడ అడుగు పెట్టకూడదు."

"బావగారితో ఒక మాట చెప్పి..." అలవాటుగా అనబోయి ఆగిపోయింది.

నిదానం పాదులన్నీ పీకి, గుంతలో పడేశాడు. చేతులు మళ్ళీ మళ్ళీ కడుక్కుని పాపను ఎత్తుకున్నాడు. తలుపుకు తాళం పడింది.

పెరటి గట్టు మీద పాప బుల్లి సత్తు గిన్నె ఉండిపోయింది. దాన్నిండా తడిపి మెదిపిన నల్లటి మన్ను, పైన ముద్ద తీసినట్టు చిన్న వేళ్ళ గుర్తులు.