సౌడు మడుగు ఫొటో దిగింది

బుల్డోజర్ మొదట బానను తొక్కింది. శివమ్మ అత్త కాలం నుంచి ఊరి మైలంతా ఉడికిన మట్టి బాన అది. ఒక్క చప్పుడుతో పెంకులైంది. లోపలున్న బట్టలు పొగలు కక్కుతూ బురదలో పడ్డాయి.

"ఇగ నడువుండ్రి!" విఠల్‌రావు పటేల్ జీపులోంచే కేకేశాడు. "గిది చచ్చిన జాగ. సర్కారే రాసిచ్చింది. కాలువ కట్టకు మన్ను తవ్వేటందుకు నేను గుత్తకు పట్టిన."

చచ్చిన జాగా! శివమ్మకు ఆ మాటే అర్థం కాలేదు. నారాయణఖేడ్ నుంచి సిర్గాపూర్ పోయే దారిలో ఆ మడుగు అంచులంతా ఉప్పులా తెల్లటి సౌడు మట్టి పేరుకుంటుంది. ఆ మట్టి కలిపి ఉడికిస్తేనే చాకలోళ్ల బట్టలకు తెలుపొస్తుంది. నడుమ తుంగ ఏపుగా పెరుగుతుంది. గ్రేసమ్మ, ఆమె వాడ ఆడవాళ్లు దాన్ని కోసి చాపలల్లి బతుకుతారు. గొల్ల సంగప్ప గొర్రెలకు అదే మేత. కొంగలు గుడ్లు పెట్టే చోటు చచ్చిన జాగా ఎట్లా అయింది?

"చాకిరేవుల రేవు పాయె, చాకిరి మిగిలె," అన్నాడు ఆమె మొగుడు బాలప్ప. మాటను పిండకుండా ఆరేసే అలవాటు లేదు ఆయనకు. ఎప్పుడూ నవ్వే జనం ఆ రోజు నవ్వలేదు.

కూలీ సంఘం కాలేబు అందరినీ వెంటబెట్టుకుని ఖేడ్ తాసిల్ కచేరికి పోయాడు. అక్కడ పట్నం నుంచి వచ్చిన ఆఫీసరు బల్ల మీద పెద్ద ఫొటో పరిచాడు.

"విమానం నుంచి తీసింది. సముద్రం ఒడ్డున ఉప్పు బురద నేలల బాగోగులు కూడా ఇట్లాగే చూసి రాశాను. నల్లగా ఉన్న చోట గడ్డి, నీళ్లు, ప్రాణం ఉన్నట్టు. తెల్లగా ఉంటే ఉప్పు పేరుకుని చచ్చినట్టు. మీ మడుగంతా తెలుపే చూడండి."

శివమ్మ వంగి చూసింది. తెలుపు నలుచదరపు ముక్కలుగా, వరుసల్లో ఉంది. ఆమె బాలప్ప వైపు చూసింది. బాలప్ప నేల వైపు చూస్తున్నాడు.

విమానం ఫొటో తీస్తుందని దండోరా వేసిన నాడు ఆయనే అన్నాడు: "మాసిన బట్టలతోని ఎవలన్న ఫొటో దిగుతరా? మన మడుగుకు గూడ ఉతికినయి కడుదాం!" ఊరి ధోవతులు, దుప్పట్లు, పెళ్లి చాందినీలు తుంగ మీదంతా మరక లేకుండా పరిచారు. విమానం దిగలేదు గాని మడుగు ఫొటో దిగింది. పోతున్నదానికి బాలప్ప చేయి కూడా ఊపాడు. అది విమానం కాదు, అవమానమని ఆయనకేం తెలుసు?

"సారూ, గవి మా దుప్పట్లు," అంది శివమ్మ.

ఆఫీసరు కళ్లజోడు తీశాడు. "కావచ్చమ్మా. కానీ గుత్త ఇచ్చేశారు, ఆపే అధికారం నాది కాదు. గురువారం విమానం మళ్లీ ఇటు మీదుగా పోతుంది. ఇంకోసారి తీయమని రాస్తాను. అంతే నా చేతిలో ఉంది."

ఆ సాయంత్రం అంగడి మైదానంలో మీటింగ్ కాస్తా కొట్లాటైంది.

"మీ తెల్లబట్టల సోకుకు మా తుంగ పాయె గదా!" గ్రేసమ్మ లేచింది.

"పటేల్‌తోని లొల్లి మాకెందుకు? గొర్లను కంగ్టి దిక్కు తోలుకపోతం," అన్నాడు సంగప్ప.

కాలేబు గొంతు పెంచాడు. "తుంగ ఆమెది, మేత నీది, సౌడు బాలప్పది. పటేల్‌కు మాత్రం మూడూ ఒక్కటే జాగ. వానికి ఒక్కటిగ కనబడేది మనకెందుకు మూడుగ కనబడుతున్నది?"

బాలప్ప లేచాడు. "నన్ను తిట్టుండ్రి, పడుత. గని ఒక్క మాట. పట్టా పటేల్‌ది, పట్టు మనది. రేపటి సంది వాని బట్టలు ముట్టం. ఇగ ఉతికితే వాన్నే ఉతుకుడు!"

ముందుగా నవ్వింది గ్రేసమ్మే. ఆ నవ్వుతోనే సంఘం ఒక్కటైంది.

బుధవారం పొద్దున బుల్డోజర్ వెనక పోలీసులు దిగారు. జనం మడుగు గట్టు మీద అడ్డంగా కూర్చున్నారు. అందరికంటే ముందు బాలప్ప. శివమ్మ అంగీ పట్టి వెనక్కి గుంజింది. "దుప్పట్లు పరిచింది నేనే గదనే," అని విడిపించుకున్నాడు.

"లేవకపోతే జైలే!" జమేదారు లాఠీ ఎత్తాడు.

"ఖేడ్‌కు, కైద్‌కు ఎంత దూరం జమేదారూ? జర నోరు తిరిగితే చాలు," అన్నాడు బాలప్ప.

లాఠీ తల మీద పడింది. మళ్లీ పడింది. నెత్తురు కళ్లలోకి కారుతున్నా బాలప్ప నోరు ఆగలేదు. "నీకు ఉతుకుడు రాదు బిడ్డా... మరకలు చేస్తున్నవు..."

అదే ఆఖరి మాట. దవాఖానకు చేరేలోపే ప్రాణం పోయింది. కాలేబును సంకెళ్లేసి తీసుకుపోయారు.

"జల్దీ సాగనంపుండ్రి," అని శవాన్ని అప్పగిస్తూ ఇన్‌స్పెక్టర్ హుకుం చేశాడు.

శివమ్మ ఏడవలేదు. పోయి సంగప్ప ఎదురుగా నిలబడింది. "నలుపంటే పానం అన్నడు గద సారు. మీ గొల్లోళ్ల తాన గొంగళ్లు ఎన్నున్నయి అన్నా?"

గురువారం తెల్లారేసరికి కల్హేర్ నుంచి, కంగ్టి నుంచి, సిర్గాపూర్ నుంచి జనం వచ్చారు. నల్ల గొంగళ్లు తల మీదుగా కప్పుకుని భుజం భుజం ఆనించి సౌడంతా నిండారు. నడుమ బాలప్ప పాడె దించారు. గ్రేసమ్మ తన గొంగడి తీసి శవం మీద కప్పబోయింది.

శివమ్మ చేయి పట్టుకుంది. "వద్దు చెల్లె. ఆయనకు ఉతికిందే కప్పుదాం. ఫొటో దిగుడంటే ఆయనకు మస్తు ఇష్టం." ఆ మడుగు సౌడుతోనే, మొగుడి కోసం తానే ఉతికిన తెల్లబట్ట కప్పింది. అంచులు సరిచేసింది. ముడత లేకుండా చేత్తో నిమిరింది. అప్పుడు ఏడ్చింది.

విమానం వచ్చింది. పోలీసులు విజిల్ వేశారు. ఒక్క గొంగడి కదల్లేదు. పైనుంచి చూసేవాడికి ఈసారి తప్పు చదివే వీలు లేదు. మడుగంతా నలుపు, అంతా ప్రాణమే. నడుమ ఒకే ఒక్క తెల్ల మచ్చ. చచ్చింది అదొక్కటే.

విమానం చప్పుడు సన్నబడ్డాక ఇన్‌స్పెక్టర్ దగ్గరికొచ్చాడు. "ఫొటో అయిపాయె గద. ఇగ పోండ్రి."

శివమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని, గ్రేసమ్మ గొంగడిలో చోటు చేసుకుని నిలబడింది.

"ఫొటో అయిపాయె సారూ. మేం అయిపోలే."