మండని కర్ర విమానం

మా ఎయిర్‌బేస్‌లో ఎగరని విమానాలు కట్టేది నేనే. చెక్క, గోనెగుడ్డ, పైన రంగు, అంతే. శత్రువుల ఫైటర్ విమానాలు వచ్చినప్పుడు వీటిని నిజమైనవనుకుని కాల్చిపోవాలి. అసలువి మాత్రం చెట్ల కింద వలలు కప్పుకుని పడుకుంటాయి. తన్నులు తినడానికే పుట్టిన బిడ్డలన్నమాట నావి.

ప్రతి బొమ్మకీ ముక్కు దగ్గర పెట్రోలు కలిపిన పాత నూనె డబ్బా పెట్టాలి. తూటా తగిలితే భగ్గుమంటుంది, కాల్చినవాడు మురిసిపోతూ వెళ్ళిపోతాడు. కానీ ఆ వేళ కట్టినదానికి ముక్కు ఎంత బాగా కుదిరిందంటే, కాలిపోతుందంటే ప్రాణం ఒప్పలేదు. డబ్బాని తోకలో పెట్టించాను.

"అక్కని ఎప్పుడైనా ఇంత ముద్దుగా చూశావా బావా?" అన్నాడు మా బావమరిది. నా దగ్గర రంగులేసేది వాడే.

"మీ అక్కకి ఇలాంటి ముక్కుంటే చూసేవాణ్ణిరా."

నవ్వు పూర్తికాకముందే సైరన్ మోగింది. చెట్ల కింద కందకంలోకి దూకాం. మిగతా పనివాళ్ళు అప్పటికే అందులో నక్కి ఉన్నారు.

రెండు విమానాలు కొమ్మలు తాకేంత కిందుగా దూసుకొచ్చాయి. తూటాలకి నేల మీద దుమ్ము వరసగా లేచింది. నా నోటి నిండా మట్టి. దేవుళ్ళందర్నీ పిలుద్దామంటే పేర్లు గుర్తుకు రాక ఒకాయన్నే పిలిచి చంపాను.

తలెత్తి చూస్తే బొమ్మ ముక్కు జల్లెడైపోయింది. పొగ మాత్రం లేదు.

ఒక విమానం వెళ్ళిపోయింది. రెండోది దూరంగా ఒరిగి వెనక్కి తిరుగుతోంది. దాన్ని నడిపేవాడికి అనుమానం వచ్చింది. ఇన్ని తూటాలు తిని మండని విమానం ఎక్కడైనా ఉంటుందా? ఇది బొమ్మేనని తెలిస్తే అసలువాటి కోసం ఈ చెట్లనే దుళ్ళగొడతాడు.

బావమరిది నా జేబులోంచి అగ్గిపెట్టె లాక్కుని బయటికి ఎగిరాడు.

"ఒరేయ్, ఆగరా! చస్తావురా!"

ఆగలేదు. వాడికేమైనా అయితే వాళ్ళక్క ముందు ఏ మొహం పెట్టుకుని నిలబడను? వెనకే పరిగెత్తాను. ముందుకు పోతున్నానో, ఉన్నచోటే వణుకుతున్నానో నాకే తెలియలేదు.

తోక దగ్గర వాడు గీసిన పుల్లలన్నీ విరుగుతున్నాయి. మోత దగ్గరవుతోంది.

"బావా, చేతులు ఆగట్లేదు!"

"నావి ఆగుతున్నాయా? పెట్టె గట్టిగా పట్టుకో!"

వాడు రెండు చేతులతో పెట్టె పట్టుకున్నాడు, నేను రెండు చేతులతో పుల్ల గీశాను. అంటుకుంది. డబ్బాలో పడేశాను. భగ్గుమంది. వాణ్ణి పక్కకి తోసి, మీద పడ్డాను.

విమానం నీడ మా మీదుగా పాకింది. ఒళ్ళంతా పోయి ఒక్క వీపే మిగిలినట్టుంది నాకు. తూటా ఇప్పుడు దిగుతుంది, ఇప్పుడు దిగుతుంది అనుకుంటూ పళ్ళు బిగించాను. దిగలేదు. మోత సన్నబడింది. తర్వాత మంట చప్పుడే వినబడింది.

"లే బావా, నలిగిపోతున్నా."

"ఉండరా."

"వాడు వెళ్ళిపోయాడు బావా."

"నాకు తెలుసురా. కాళ్ళకే ఇంకా తెలీలేదు."

వేడికి నా చొక్కా కమురు వాసన వస్తోంది. వాడే కిందనుంచి పాక్కుంటూ వచ్చి, నా చంకల్లో చేతులేసి కందకం దాకా ఈడ్చుకెళ్ళాడు.