మైనం కథ

అయినా ఆ కథ చెప్పకపోతే నాకేం పోయేది, టీ కప్పులు అక్కడ పెట్టి లోపలికి వచ్చేస్తే సరిపోయేది కదా, కానీ పెళ్ళయి నలభై రోజులే, ఈ ఇంట్లో ఏది చూసినా తేలిపోతున్నాను, మా ఆయన జుట్టులో చిక్కుకున్న చెక్కపొట్టు చూసినా ముద్దే, మా ఇద్దరి బ్రష్షులు ఒకే గ్లాసులో ఆనుకుని నిలబడినా ముద్దే, కింద షెడ్డులో మామయ్య చిత్రిక పట్టే చప్పుడు విన్నా ముద్దే, ఇప్పుడా చప్పుడు లేదు, బల్ల మీది మైనాన్ని ఉలితో గీకేస్తున్నారు, గర్ గర్ మని, ఒక్కో గీత నా ఒంటి మీదే పడుతున్నట్టుంది.

పొద్దున తన బల్ల చూసుకోడానికి షెడ్డుకొచ్చిన పళ్ళ డాక్టరమ్మ ఏమంది, మీ మామగారు చాలా సిన్సియర్ మనిషమ్మా అంది, నవ్వి ఊరుకోవచ్చుగా, ఊహూఁ, ఇంగ్లీషు ఎమ్మే చదివిన నోరు కదా, ఆ మాట ఎలా పుట్టిందో తెలుసాండీ అన్నాను, లాటిన్లో సినే అంటే లేకుండా, సెరా అంటే మైనం, పూర్వం దొంగ శిల్పులు రాతిలో పగుళ్ళకి మైనం పూసి అంటగట్టేవాళ్ళట, మంచివాళ్ళు మైనం లేకుండా అమ్మేవాళ్ళట, అదేనండీ సిన్సియర్ అని చేతులు తిప్పుతూ చెప్పాను, కాలేజీలో ఈ కథ విన్నవాళ్ళంతా అబ్బ అనేవాళ్ళు, డాక్టరమ్మ అనలేదు, మామయ్య చేతి వైపు చూసింది, ఆ చేతిలో మైనం కడ్డీ, ఎదురుగా ఆవిడ చేయించుకుంటున్న భోజనాల బల్ల, అందులో సగం పూడిన నెర్రె, అప్పుడైనా వెలగాలా నాకు, ఆ పలక మార్చండి, లేకపోతే బల్లే వద్దు అని ఆవిడ లేచి వెళ్ళేదాకా చెప్పుకుపోతూనే ఉన్నాను.

అత్తయ్య తేలిగ్గా తీసిపారేసింది, ఆవిడ రోజూ పళ్ళలో సిమెంటు కూరడం లేదూ, మనం చెక్కలో మైనం పెడితేనే వచ్చిందా తంటా అంది, మా ఆయనైతే పడీ పడీ నవ్వి, ఈసారి షెడ్డులోకి మూతికి ప్లాస్టరేసుకుని రావోయ్ అన్నారు, నేనూ నవ్వాను, నవ్వుతూనే పైకొచ్చి నిఘంటువు తీశాను, చెప్పింది నిజమేనన్న ధైర్యమైనా మిగులుతుందని కాబోలు, ఆ మాటకు మూలం లాటిన్ సిన్సెరుస్, అంటే శుభ్రమైనది, కల్తీ లేనిది, మైనం కథకు ఆధారం లేదు అని ఉంది, చెవులు కాలిపోయాయి, ఆరేళ్ళుగా చెబుతున్నాను, ఒక్కసారీ తీసి చూడలేదు, ఎదుటివాళ్ళు అబ్బ అంటే చాలు నాకు.

మరి మామయ్య ఎందుకు మాట్లాడలేదు, పది రోజుల కిందటే డాక్టరమ్మ చేత ఆ నెర్రెను తడిమించి, ఇదిగోనమ్మా, మైనంతో పూడిస్తే కనపడదు, వద్దంటే ఇప్పుడే చెప్పేయండి అన్నారు, నేనక్కడే ఉన్నాను, ఆవిడ సరేనంది కూడా, ఆ సంగతి గుర్తు చేస్తే చాలు, ఆవిడ మళ్ళీ కూర్చునేది, కానీ అప్పుడు ఇంటి కొత్త కోడలు ముందూ వెనకా చూడకుండా వాగిందని పరాయి మనిషి ముందు తేలిపోయేది, అందుకే, అందుకే సరేనమ్మా అని ఊరుకుని, నా వైపు తిరిగి టీ బాగుందమ్మాయ్ అన్నారు, నేను మురిసిపోయాను, ఛీ, నిజంగా మురిసిపోయాను, గీకుడు ఆగింది, పలక ఊడదీస్తున్నారేమో, చెప్పులెక్కడ, డాక్టరమ్మ ఇంకా క్లినిక్‌లోనే ఉంటుంది, అంతమంది పేషెంట్ల మధ్య నించుని నేను చెప్పింది అబద్ధమండీ, నెర్రె సంగతి మామయ్య మీకు ముందే చెప్పారు కదండీ అనాలి, అంటాను, ఈ సిగ్గు నాది, పొద్దుట్నుంచీ మామయ్య మోస్తున్నారు.